టోటలైజర్ ఉన్న విమానంలో ఇంకా డిప్‌స్టిక్ ముంచాలా?

గన్నవరం గాలి:
సెస్నా 172ఎస్ లాంటి చిన్న విమానంలో ఫ్లో మీటరు (ఇంజిన్‌కి వెళ్లే ఇంధనాన్ని కొలిచేది), టోటలైజరు (ఆ ఖర్చు తీసేసి మిగిలింది చూపేది) బిగించి, నాలుగైదు ఫిల్లింగులతో లెక్క సరిచూశాక కూడా ప్రతి ఫ్లైటుకీ రెక్క మీదికి వంగి ట్యాంకులో కొలత పుల్ల (డిప్‌స్టిక్) ముంచాలా? అక్కర్లేదంటాను. ట్యూన్ చేసిన ఫ్లో మీటరు రెండు శాతం లోపు తేడాతో చెబుతుంది. పుల్లకి ఆ కచ్చితత్వం ఎక్కడిది? ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) కాస్త వాలుగా ఉన్నా, ముక్కు స్ట్రట్ (ముందు చక్రాన్ని మోసే కాలు) కాస్త కిందికి దిగినా అంకె మారిపోతుంది. ఎక్కువ నిజం చెప్పే పరికరాన్ని తక్కువ నిజం చెప్పేదానితో పరీక్షించడంలో అర్థం కనపడటం లేదు. వాదన ఉన్నవాళ్లు లెక్కలతో రండి.

తెనాలి వింగ్స్:
గాలి గారూ, టోటలైజరు ట్యాంకును చూడదండి. మీరు చెప్పిన అంకెలోంచి ఖర్చు తీసేసి మిగతాది చూపిస్తుంది, అంతే. ఓపెనింగ్ బ్యాలెన్సు తప్పుగా రాసుకున్న ఖాతాలో క్లోజింగ్ బ్యాలెన్సు ఒప్పెలా అవుతుంది? నిన్న ఎవరో ఒక గంట ఎగిరి ఇంధనం పోయించకుండా 'ఫుల్' బటన్ నొక్కి వెళ్లిపోతే, ఈరోజు తెర మీద 200 లీటర్లు ఉంటాయి, ట్యాంకులో 166 ఉంటాయి.

రెండోది ఇంకా ప్రమాదం. మూత రబ్బరు ఎండి పగిలినా, మూత సరిగ్గా కూర్చోకపోయినా, ఎగిరేటప్పుడు రెక్క పైభాగాన పీడనం తక్కువ కాబట్టి ఇంధనం బయటికి లాగేసుకుపోతుంది. ఆ బొట్లు ఫ్లో మీటరు గుండా వెళ్లవు. ట్రాన్స్‌డ్యూసరు, అంటే ఫ్లో మీటరు సెన్సరు, ఇంజిన్ దగ్గర ఉంటుంది కాబట్టి, దానికి ముందు ఎక్కడ కారినా దానికి తెలియదు. తెరమీద అంతా పచ్చగానే కనిపిస్తుంది.

గుంటూరు హ్యాంగర్:
ఇద్దరూ పరికరం గురించే మాట్లాడుతున్నారు, అది ఎలా తయారైందో అడగడం లేదు. సరిగ్గా గీయని పుల్లా అబద్ధమే, కె-ఫ్యాక్టరు (దాని లెక్కకి ఆధారమైన అంకె) సరిచేయని టోటలైజరూ అబద్ధమే.

ముందు పుల్ల. దుకాణంలో కొన్న పారదర్శక గొట్టం లాంటిది మంచిదే, కానీ దాని మీద ఉన్న అంకెలు మీ ట్యాంకువి కావు. విమానాన్ని చదునైన నేల మీద నిలపండి. టైర్ల గాలి, ముక్కు స్ట్రట్ మామూలుగా ఉండే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. ఎర్త్ వైరు తగిలించి, డ్రెయిన్ ద్వారా ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి. 172ఎస్‌లో మొత్తం 56 గ్యాలన్లు, వాడుకోదగ్గది 53. అంటే ఒక్కో ట్యాంకులో ఒకటిన్నర గ్యాలన్, దాదాపు 5.7 లీటర్లు, ఇంజిన్‌కి అందని ఇంధనం. ఆ 5.7 లీటర్లు పోశాకే సున్నా. అక్కడి నుంచి కొలత డబ్బాతో ఐదేసి లీటర్లు పోస్తూ, ఒక్కోసారి నిమిషం ఆగి, పుల్ల ముంచి గీత పెట్టండి. రంగు వేయని చెక్క అయితే తడి గీత బాగా కనిపిస్తుంది, కానీ ఎండాకాలంలో క్షణాల్లో ఆరిపోతుంది, తీసిన వెంటనే చదవాలి. మొదటి కొన్ని గీతల్లో పుల్ల పొడిగానే రావచ్చు. రెక్కలు పైకి వంగి ఉండి, మూత బయటి వైపు ఉండటం వల్ల మిగిలిన ఇంధనం లోపలి చివరన చేరుతుంది. పైపర్ పీఏ-28లో ఇది ఇంకా ఎక్కువ. పొడి పుల్ల అంటే ఖాళీ ట్యాంకని కాదు, ఆ పుల్ల అక్కడ కొలవలేదని అర్థం. ఎడమ, కుడి ట్యాంకులకి విడివిడిగా గీయండి. పుల్ల మీద విమానం రిజిస్ట్రేషన్ రాయండి. పక్క విమానం పుల్ల తెచ్చి ముంచడం చాలాచోట్ల కనిపించే తప్పు.

ఇక టోటలైజరు. ట్రాన్స్‌డ్యూసరు లోపల చిన్న చక్రం తిరుగుతుంది, గ్యాలన్‌కి ఎన్ని పల్స్‌లో దాని ట్యాగ్ మీద ఉంటుంది, అదే కె-ఫ్యాక్టరు. కానీ దాని ముందూ వెనకా వంపు ఉంటే, గొట్టంలో బుడగలు ఉంటే అంకె చెడుతుంది. సరిచేసే తీరు: ఒకే చోట, ఒకే దిశలో నిలిపి, ఒకే మట్టానికి నింపుతూ మూడు నాలుగు ఫిల్లింగుల మొత్తం తీసుకోండి. టోటలైజరు 152 లీటర్లు ఖర్చని చూపి, పంపు మీటరు 160 పోసినట్టు చూపిస్తే, పాత కె-ఫ్యాక్టరుని 152తో గుణించి 160తో భాగించండి. ట్యాగ్ మీద 29,000 ఉంటే 27,550 అవుతుంది. ఒక్క ఫిల్లింగుతో మార్చొద్దు. మెడ దాకా ఒకసారి, అంగుళం కింద ఒకసారి నింపితే ఆ తేడానే ఐదారు లీటర్లు తేలుతుంది.

నింపేటప్పుడు ఇంకోటి. ఫ్యూయల్ సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచే మీట) 'బోత్', అంటే రెండు ట్యాంకుల మీద ఉంటే, వాలు నేల మీద పై ట్యాంకు నుంచి కింది ట్యాంకుకి ఇంధనం జారుతుంది. పార్కింగులో 'లెఫ్ట్' లేదా 'రైట్' మీద ఉంచండి, ఇంజిన్ స్టార్ట్‌కి ముందు 'బోత్'కి తేవడం చెక్‌లిస్టులో ఉండాలి.

మంగళగిరి నావిగేటర్:
ప్యానెల్ మీది ఇంధనం గేజ్‌ల మాటే ఎత్తలేదేమిటి? గేజ్ ఖాళీ దగ్గర మాత్రమే సరిగ్గా ఉండాలని నిబంధనే ఉందిగా, అందుకే ఎవరూ నమ్మరు.

గుంటూరు హ్యాంగర్:
ఆ నిబంధనను చాలామంది తిరగేసి చదువుతారండి. అమెరికా పార్ట్ 23 (చిన్న విమానాల డిజైన్ నిబంధనలు) 2017కి ముందటి రూపంలో చెప్పింది, లెవెల్ ఫ్లైట్‌లో వాడుకోదగ్గ ఇంధనం అయిపోయినప్పుడు గేజ్ సున్నా చూపాలని. మిగతా చోట ఎలా ఉన్నా ఫర్వాలేదని దాని అర్థం కాదు. గేజ్‌ని అంకె కోసం కాదు, కదలిక కోసం చూడాలి. ఎడమది ఒక్కటే అనుకున్నదానికంటే వేగంగా పడిపోతోందంటే మూతను అనుమానించండి. 172ఎస్‌లో ట్యాంకు దాదాపు 5 గ్యాలన్లకు దిగి నిమిషంపైన అక్కడే ఉంటే 'లో ఫ్యూయల్' లైటు వెలుగుతుంది. టోటలైజరులో 80 లీటర్లు కనిపిస్తున్నా సరే, ఆ లైటు వచ్చాక వాదన పెట్టుకోకూడదు.

గన్నవరం గాలి:
మూత సంగతి ఒప్పుకుంటాను. కానీ మన రోహిణి కార్తె సంగతి చూడండి. అవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) డిగ్రీకి దాదాపు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో మెడ దాకా 200 లీటర్లు నింపి మధ్యాహ్నం 45 దాకా ఎండలో వదిలితే నాలుగు లీటర్లు పెరిగి వెంట్ (ట్యాంకు గాలి గొట్టం) నుంచి కారిపోతుంది. అప్పుడు పుల్ల ముంచితే 'ఫుల్' అనే చూపిస్తుంది, బరువు లెక్కలో మాత్రం తగ్గింది. పుల్ల కూడా పూర్తి నిజం చెప్పడం లేదుగా.

తెనాలి వింగ్స్:
నాలుగు లీటర్లంటే ఏడు నిమిషాల ప్రయాణం. నేను భయపడేది ఆ ఏడు నిమిషాల గురించి కాదు. గన్నవరం నుంచి తిరుపతి తీసుకుందాం, నేరుగా దాదాపు 190 నాటికల్ మైళ్లు. 115 నాట్లకి గంటా 39 నిమిషాలు, గంటకు 34 లీటర్ల చొప్పున 56. స్టార్ట్, ట్యాక్సీ, టేకాఫ్‌కి 5, క్లైంబ్‌లో అదనం 4. ఆల్టర్నేట్ (అక్కడ దిగలేకపోతే వెళ్లే విమానాశ్రయం) కడప, ఇంకో 70 మైళ్లకి 21. పగటి రిజర్వు అరగంటకి 17. మొత్తం 103. ట్యాబ్‌ల (ట్యాంకు మెడ లోపలి గుర్తుల) దాకా నింపితే వాడుకోదగ్గది 132 లీటర్లు, అంటే 29 లీటర్లు చేతిలో ఉన్నట్టు.

ఇప్పుడు పుల్ల మొత్తం ఇంధనానికి గీసినదై, చదివినవాళ్లు దాన్నే వాడుకోదగ్గదిగా తీసుకుంటే 11 లీటర్లు పోయాయి. మిక్స్చర్ లీన్ చేయకుండా (గాలిలో కలిసే ఇంధనం తగ్గించకుండా) రిచ్‌లోనే ఉంచితే గంటకు 9 లీటర్లు అదనం, కడప దాకా లెక్కేస్తే 20. ఆ 29 కాస్తా మాయమై రిజర్వులో చేయి పెట్టినట్టు. రెండూ చాలా మామూలు పొరపాట్లే.

గన్నవరం గాలి:
ఇందులో ఆ 20 లీటర్లని టోటలైజరే పట్టుకుంటుంది. గంటకు 43 చూపిస్తుంటే అరగంటలోనే తెలిసిపోతుంది. పుల్ల నేల మీదే మిగిలిపోయింది కదా!

తెనాలి వింగ్స్:
ఆ 11 లీటర్లని మాత్రం తెర పట్టుకోదు. పుల్ల మీద గీతే పట్టుకోవాలి.

బాపట్ల మైక్రోలైట్:
రోటాక్స్ 912 ఇంజిన్ వాళ్లకి ఒక మాట. ఇందులో ఇంధనం కొంత తిరిగి ట్యాంకుకి వెళ్లే రిటర్న్ లైను ఉంటుంది. ట్రాన్స్‌డ్యూసరుని ఆ చీలికకి ముందు పెట్టి రిటర్న్‌ని కొలవకపోతే ఖర్చు ఎక్కువ చూపుతుంది. రెండు ట్రాన్స్‌డ్యూసర్లు పెట్టి తేడా తీయాలి. డ్రమ్ములోంచి చేతి పంపుతో పోసుకునేచోట మీటరు లేకుండా, తిప్పిన చుట్లని లీటర్లుగా రాసేవాళ్లు టోటలైజరు క్యాలిబ్రేట్ చేశామని అనుకోవద్దు.

మంగళగిరి నావిగేటర్:
యూనిట్లు కూడా. ప్లకార్డు (విమానం మీది సూచన పలక) అమెరికా గ్యాలన్లలో, పంపు లీటర్లలో, బరువు పౌండ్లలో. 1983 జులై 23న ఎయిర్ కెనడా 143 ఫ్లైటు, బోయింగ్ 767కి గాల్లోనే ఇంధనం అయిపోయింది ఇలాగే, లీటరుకి 0.8 కిలోలకి బదులు 1.77 పౌండ్ల అంకె వాడటం వల్ల. మన చిన్న విమానాల్లో అవ్‌గ్యాస్ లీటరుకి 0.72 కిలోలు, గ్యాలన్‌కి 3.785 లీటర్లు. లాగ్‌బుక్కులో ప్రతి అంకె పక్కన యూనిట్ రాయకపోతే ఆ పేజీని లెక్కలోకే తీసుకోకూడదు.

గుంటూరు హ్యాంగర్:
నా పద్ధతి చెబుతాను, ఒప్పుకోకపోతే కారణం చెప్పండి. ఫ్లైటుకి ముందు పుల్ల ఎడమ, కుడి. తర్వాత నిన్నటి ఎండింగు అంకెలోంచి, ఆపైన ఎగిరిన గంటలని గంట ఖర్చుతో గుణించి తీసేస్తే వచ్చిన అంకె. మూడోది టోటలైజరు. 172లో మూడూ 10 లీటర్ల లోపు కలిస్తే, అన్నిటికంటే తక్కువదాన్ని టోటలైజరులో ఎక్కించి ఎగరండి. కలవకపోతే, ఎందుకో తెలిసేదాకా ఎగరొద్దు.

గన్నవరం గాలి:
వాలు ఏప్రన్ మీద 10 లీటర్ల తేడా ఊరికే వస్తుంది. రోజూ ఆగిపోతే శిక్షణ సాగదు. 15 ఉంచండి.

తెనాలి వింగ్స్:
వాలుంటే విమానాన్ని చదును చోటికి తోయండి, హద్దు పెంచకండి. సెస్నా 152కి అయితే 10 కూడా ఒప్పుకోను. అక్కడ వాడుకోదగ్గది 93 లీటర్లే, 5 దాటితే మూత తీసి మళ్లీ చూడాల్సిందే.