రేడియోధార్మిక ధూళి అంటిన విమానాన్ని కడిగేవాళ్ల సంగతేంటి?

గాజువాక కుర్రాడు:
మా బావ వైజాగ్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేస్తాడు. రేడియోధార్మిక ధూళి అంటిన విమానం దిగితే ఏం చేయాలో ట్రైనింగ్‌లో చెప్పారట. సీసం ఏప్రాన్ వేసుకుని ప్రెజర్ పైపుతో నీళ్లు కొట్టేస్తే సరి అంటున్నాడు. అక్కకేమో టెన్షన్. నిజంగా అంతేనా?

మర్రిపాలెం మెకానిక్:
ఏప్రాన్ ఎక్స్‌రే గదిలోకి బాగుంటుంది గానీ రియాక్టర్ ధూళిలో ఉండే సీజియం-137 అనే పదార్థం గామా కిరణాలు దాన్ని పెద్దగా లెక్కచేయవు, పైగా మన ఉక్కపోతలో ఆ బరువు మోస్తూ పని నెమ్మదించిందంటే విమానం పక్కన ఇంకా ఎక్కువసేపు నిలబడాల్సొస్తుంది. ధూళి ఊపిరిలోకి పోవడమే అసలు ముప్పు. సరైన మాస్కు, గ్లోవ్స్, ఒళ్లంతా కప్పే కవరాల్ ముఖ్యం. ప్రెజర్ పైపు మాత్రం వద్దే వద్దు, ధూళి తుంపర్లతో లేచి పక్కవాడి మొహాన పడుతుంది. సబ్బునీళ్లు, గుడ్డ, పైనుంచి కిందికి తుడవడం. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం దగ్గర తిరిగొచ్చిన అమెరికా నేవీ హెలికాప్టర్ల సిబ్బంది 17 మందికి కూడా సబ్బునీళ్లతోనే శుభ్రం చేశారు. ఇంజిన్, ఫిల్టర్లు, గ్రీజు పట్టిన చోట్లు వేరే లెక్క, అక్కడే ధూళి పేరుకుంటుంది.

సీతమ్మధార:
అసలు అంత తొందరగా కడగడం ఎందుకు? 1950ల్లో నెవాడాలో అణు మేఘంలోంచి వచ్చిన విమానాల పైలట్లని, విమానం బయటి రేకు తగలకుండా ఫోర్క్‌లిఫ్ట్‌తో దించేవారు. అణుబాంబు పేలుడు ధూళి అయితే మొదటి గంటకున్న తీవ్రత 7 గంటలకి పదో వంతు, 49 గంటలకి నూరో వంతు అవుతుంది. విమానాన్ని పక్కన పెట్టి, ఎవరూ దగ్గరికి పోకుండా చుట్టూ తాళ్లు కట్టేయడమే సగం పని.

గాజువాక కుర్రాడు:
రియాక్టర్ ప్రమాదమైనా ఇదే లెక్కా అన్నా?

సీతమ్మధార:
కాదు తమ్ముడూ. రియాక్టర్ ధూళిలో ఉండే అయోడిన్-131 సగమవడానికి 8 రోజులు, సీజియంకి 30 ఏళ్లు పడుతుంది. అక్కడ ఆగి లాభం లేదు, తుడవాల్సిందే.

మర్రిపాలెం మెకానిక్:
రేడియేషన్ కొలిచే మీటర్ సంగతి కూడా మీ బావని అడగమను. 2006లో లండన్‌లో విషప్రయోగంతో చనిపోయిన రష్యా మాజీ గూఢచారి లిట్వినెంకో కేసులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు ఆపి వెతికింది పొలోనియం-210 అనే రేడియోధార్మిక విషం కోసం, అది వదిలేది గామా కాదు, ఆల్ఫా కణాలు, మామూలు గామా మీటర్‌కి చిక్కదు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే డోసు బ్యాడ్జి ఎవరిస్తారు, ఎవరు చదువుతారు అన్నది కూడా. నిత్యం రేడియేషన్‌తో పనిచేసేవాళ్లకే ఏఈఆర్‌బీ (మన దేశ అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. తుడిచిన గుడ్డలు, నీళ్లు డ్రమ్ముల్లోకి పట్టాలి, కాలవలోకి వదిలారంటే మేఘాద్రిగెడ్డ వాగు పక్కనే.