అప్‌డేట్: ఫ్యూయల్ పంపు బాగానే ఉంది, లోపం గ్రౌండ్ వైరులో

బండి 1994 షెవ్రొలే సి1500 పికప్ ట్రక్కు, 5.7 లీటర్ టీబీఐ (థ్రాటిల్ బాడీలోనే ఇంధనం చిమ్మే) ఇంజన్. ఎత్తు ఎక్కుతుంటే ఆగిపోతోంది, ట్యాంకులోని ఫ్యూయల్ పంపు మార్చాలా అని ఇంతకుముందు అడిగాను. అక్కర్లేదు.

ఫ్యూయల్ ప్రెషర్ 9 నుంచి 13 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉండాలి. 6 దగ్గరే నిలిచింది. ఫిల్టర్ మార్చినా అంతే. ఇంజన్ నడుస్తుండగా ట్యాంకు కనెక్టర్ వెనక మల్టీమీటర్ పెడితే ప్లస్ వైపు 13.6 వోల్టులు, మంచివే. కానీ పంపు గ్రౌండ్ వైరుకూ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 3 వోల్టులు! 0.2 దాటకూడదు. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే ఈ లోపం కనబడదు, కరెంటు పారదు కాబట్టి.

ఫ్రేమ్ మీది గ్రౌండ్ బోల్టు కింద తుప్పు. మెరిసేదాకా గీకి, కొత్త రింగ్ టెర్మినల్ బిగించాను. ఇప్పుడు 12 పీఎస్ఐ.

చాలాసేపు క్రాంక్ చేశాకే స్టార్టయ్యే బండిలో మాత్రం ముందు రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్) చూడండి. రిలే పోయినా, క్రాంక్ చేస్తుంటే ఇంజన్ ఆయిల్ ప్రెషర్ పెరగ్గానే ఆయిల్ ప్రెషర్ స్విచ్ పంపుకు కరెంటు ఇస్తుంది, అందుకే ఆలస్యంగా స్టార్టవుతుంది.