క్లస్టర్‌లో 64 కోర్‌లు ఇచ్చినా జాబ్ స్పీడ్ అవ్వట్లేదు, 37 లక్షల చిన్న ఫైల్స్ ఉన్నాయి, ఏం చేయాలి?

సిరి_అనంత:
అందరికీ నమస్తే. నేను బెంగళూరులో పీహెచ్‌డీ రెండో సంవత్సరం, మాది అనంతపురం వైపు. మా దగ్గర చెరువులు ఏ నెలలో ఎంత నిండాయి ఎప్పుడు ఎండాయి అన్నది సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మల నుంచి పట్టుకునే మోడల్ ట్రైన్ చేస్తున్నా. ఒక్కో సీన్ 10980 బై 10980 పిక్సెల్స్, దాన్ని 256 బై 256 ముక్కలు చేస్తే సీన్‌కి 1849 వస్తాయి, 2000 సీన్లకి దగ్గర దగ్గర 37 లక్షల ఫైల్స్ అయ్యాయి. నాలుగు బ్యాండ్‌లు కాబట్టి ముక్క అర ఎంబీ, మొత్తం రెండు టీబీ లోపే. అన్నీ లస్టర్ అనే, క్లస్టర్‌లో అందరం కలిసి వాడుకునే ఫైల్ సిస్టమ్‌లో, స్క్రాచ్ అనే తాత్కాలిక జాగాలో ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి.

8 కోర్‌లతో ఎంత టైమ్ పడుతోందో 64 తోనూ అంతే, జీపీయూ ఎక్కువసేపు ఖాళీగానే ఉంటోంది, ఫోల్డర్‌లోకి వెళ్ళి ఫైల్స్ లిస్ట్ కోసం ఎల్ఎస్ కొడితే టెర్మినల్ బిగుసుకుపోతోంది. నిన్న అడ్మిన్ మెయిల్ పెట్టారు, నీ జాబ్ వల్ల మిగతావాళ్ళకీ స్లో అవుతోంది అని, అది చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. మా గైడ్‌ని ఇంకో నాలుగు నోడ్స్ (క్లస్టర్‌లోని మెషిన్లు) అడగనా?

మత్తికెరె_రవి:
నోడ్స్ అడక్కండి సిరి గారూ, అడిగితే ఇంకా పాడవుతుంది. లస్టర్‌లో ఫైల్ పేరు, పర్మిషన్లు, అది ఏ డిస్క్ మీద ఉందీ ఇవన్నీ చూసుకునేది మెటాడేటా సర్వర్, అసలు డేటా వేరే స్టోరేజ్ సర్వర్ల మీద ఉంటుంది. రేషన్ షాపు అనుకోండి, గోడౌన్ నిండా బియ్యం ఉన్నా కార్డు చూసి సంతకం పెట్టించుకునే మనిషి ఒక్కడే, మీరేమో పిడికెడు బియ్యానికి ఒక మనిషి చొప్పున 37 లక్షల మందిని క్యూలో నిలబెట్టారు. ఒక్కో ఫైల్ తెరవడానికి ఒక మిల్లీసెకనే అనుకున్నా ఒక్క ఈపాక్‌కి, అంటే డేటా మొత్తం ఒక్కసారి తిప్పడానికి, 3700 సెకన్లు, అంటే గంట పైనే, ఇంకా ఒక్క పిక్సెల్ కూడా చదవకుండానే. ఆ క్యూలోనే మిగతా యూజర్ల ఫైల్స్ కూడా ఉంటాయి, అడ్మిన్ మెయిల్ అందుకే, మీ మీద కోపంతో కాదు.

చేయాల్సింది మూట కట్టడం. చాలా చిన్న ఫైల్స్‌ని ఒకే ఫైల్‌లో పెట్టే తార్ ఫైల్స్ సుమారు ఒక జీబీ చొప్పున చేయండి, రెండు వేల ఫైల్స్ లోపే అయిపోతాయి, తర్వాత వాటిని మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవండి. తార్ చేసే పని మాత్రం లాగిన్ నోడ్ మీద పెట్టొద్దు, జాబ్‌ల క్యూ నడిపే స్లర్మ్‌లో అరే జాబ్‌గా, అంటే ఒకే పనిని చాలా చిన్న జాబ్‌లుగా, పంపండి, ఒకేసారి పది పన్నెండు మించకుండా లిమిట్ పెట్టి.

వేళచేరి_అక్క:
రవి చెప్పింది కరెక్టే, ఒక్క చోట జాగ్రత్త చెల్లీ. సీన్‌కి దాదాపు ఒక జీబీ, లెక్క చక్కగా కుదురుతోంది కదా అని సీన్‌కి ఒక తార్ చేసేయకు. అలా చేస్తే వరసగా చదివేటప్పుడు ఒకే బ్యాచ్‌లో అంతా ఒకే రోజు ఒకే ఊరి పొలాలు వస్తాయి, మోడల్ సరిగ్గా నేర్చుకోదు. మూట కట్టేటప్పుడే ఎండాకాలం, వానాకాలం, వేరే వేరే తాలూకాల ముక్కలు కలిపేయి. ట్రైనింగ్‌లో తార్‌ల వరస మార్చు, మెమరీలో ఒక ఐదారు వేల ముక్కలు పట్టుకుని అందులోంచి ర్యాండమ్‌గా తీయి. నేను చెన్నైలో ఇదే తప్పు చేసి మూడు వారాలు పోగొట్టుకున్నా, వ్యాలిడేషన్ స్కోరు ఎందుకు ఊగుతోందో అర్థం కాక మోడల్‌నే మారుస్తూ కూర్చున్నా. టెస్ట్‌కి వాడే చెరువులు మాత్రం ముందే పక్కన పెట్టు, ఆ కలిపేదాంట్లోకి రానివ్వకు.

నోడ్‌లో లోకల్ ఎస్ఎస్‌డీ ఉంటే జాబ్ మొదట్లో తార్‌లు దాని మీదకి కాపీ చేసుకో. మొత్తం పట్టకపోతే నాలుగు నోడ్స్ మధ్య పంచుకో, ఒక్కోదానికి ఐదొందల జీబీ లోపే వస్తుంది. నాలుగు నోడ్స్ అడగడం అప్పుడైతే న్యాయం.

యశవంతపురం_కుర్రాడు:
స్ట్రైపింగ్ గురించి, అంటే ఒక ఫైల్‌ని ఎన్ని స్టోరేజ్ డిస్కుల మీద పరచాలి అన్నది, ఎవరూ చెప్పలేదు. చిన్న ఫైల్స్‌కి స్ట్రైప్ కౌంట్ 1 చాలు, చాలా నోడ్స్ కలిసి ఒకే పెద్ద ఫైల్ చదివితేనే 8 లాంటివి పెట్టాలి. ఎల్ఎఫ్ఎస్ సెట్‌స్ట్రైప్ కమాండ్ ఫోల్డర్‌కి ముందే కొట్టాలి, ఆల్రెడీ ఉన్న ఫైల్స్ వాటంతట అవి మారవు.

ఇంకోటి, పెటాఫ్లాప్స్ అంకెలు చూసి ధైర్యపడొద్దు. మన ఐఐఎస్సీలో 2022లో వచ్చిన పరమ్ ప్రవేగ సూపర్ కంప్యూటర్ 3.3 పెటాఫ్లాప్స్, మనందరికీ గర్వమే, కానీ ఆ అంకె లెక్కలు చేసే స్పీడ్‌ది, ఫైల్ తెరిచే స్పీడ్‌ది కాదు.

మత్తికెరె_రవి:
స్క్రాచ్ గురించి ఒక్క మాట. చాలా చోట్ల కొన్ని వారాలు ముట్టుకోని ఫైల్స్ స్క్రాచ్ నుంచి వాటంతట అవే డిలీట్ అవుతాయి, బ్యాకప్ ఉండదు. నేను చదివిన చోట సంక్రాంతికి ఇంటికి వెళ్ళి వచ్చేసరికి నా ఫైల్స్ లేవు, నోటీస్ మెయిల్ వచ్చిందట, నేను చూళ్ళేదు. తార్‌లకి ఎండీ5సమ్ (కాపీ తేడా లేకుండా వచ్చిందో సరిచూసే కోడ్) తీసుకుని ఆ లిస్ట్‌తో సహా ఆర్కైవ్‌లో ఒక కాపీ పెట్టండి, అది సరిపోలాకే పాత 37 లక్షలు తీసేయండి.

సిరి_అనంత:
రవి అన్నా, అక్కా, చాలా థాంక్స్. 50 సీన్లతో కలిపి తార్‌లు చేసి చూశా, జీపీయూ ఇప్పుడు దాదాపు ఆగకుండా నడుస్తోంది, అదీ ఒక్క నోడ్ మీదే. అడ్మిన్‌కి కూడా రాశా ఏం మారుస్తున్నానో, ఆయనే అరే జాబ్ లిమిట్ ఎంత పెట్టాలో చెప్పారు. మిగతా 1950 సీన్లు ఇవాళ రాత్రి పెడుతున్నా.