అప్‌డేట్: గ్రీకు రోస్ట్ చికెన్ కుదిరింది, బంగాళాదుంపలు ఇంకా బాగా కుదిరాయి

నిమ్మరసం, ఆలివ్ నూనె, ఒరెగానో (పిజ్జాపై చల్లే ఎండు ఆకు)తో గ్రీకువాళ్లు చేసే రోస్ట్‌లో కోడి ఎండిపోకుండా, కింద వేసిన బంగాళాదుంపలు పచ్చిగా మిగలకుండా ఎలా అని అడిగాను కదా. ఆదివారం చేశాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

తోలుతో ఉన్న ఒకటిన్నర కిలోల కోడికి ముందురోజు రాత్రే ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. తోలు కరకరలాడిందంటే అదే కారణం. బంగాళాదుంపలు పొడవుగా, లావుగా కోసి వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, నిమ్మరసం, ఒక కప్పు చికెన్ స్టాక్ (కోడి ఎముకలు ఉడికించిన నీళ్లు)తో ట్రేలో పరిచి, పైన కోడిని పెట్టాను. మన చిన్న నిమ్మకాయలకు పులుపెక్కువ, రుచి చూసి పిండండి.

ఓవెన్ 200 డిగ్రీలు. అసలు కిటుకు ఆఖర్లో ఉంది. తొడ దగ్గర థర్మామీటర్ 74 డిగ్రీలు చూపగానే కోడిని బయటికి తీసేసి, ట్రేని మళ్లీ లోపల పెట్టాలి. కోడి పక్కన ఆరే ఇరవై నిమిషాల్లో దుంపలు ఆ రసమంతా పీల్చుకుని అంచులు ఎర్రబడతాయి. ఈ సలహా ఇచ్చినవారికి ప్రత్యేకంగా రుణపడి ఉంటాను!

కారం వేయొద్దన్నది కూడా నిజమే, నిమ్మ వాసన నిలిచింది. పక్కన టమాటా, దోసకాయ, ఉల్లిపాయ, ఆలివ్‌లు, ఫెటా చీజ్. ఎండాకాలానికి అంతే చాలు.

ఈసారి బెండకాయలు, టమాటాలతో కోడి చేస్తాను. అదీ గ్రీసులో వేసవి వంటే. జిగురు తగ్గడానికి బెండకాయలపై ఉప్పు, వెనిగర్ చల్లి ఎండలో పెడతారట.