తవుడు నూనె: సీసా మీది ఒరిజనాల్ అంకెకు అదనపు డబ్బు పెట్టాలా?

గానుగెద్దు: ఒక సీసా మీద ఒరిజనాల్ 10,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10,000, అంటే 1 శాతం), పక్క సీసా మీద 15,000. ధరలోనూ తేడా ఉంది. ఆ తేడా గుండెకు పనికొస్తుందా, వట్టి అమ్మకం మాటేనా?

రిఫైనరీ షిఫ్టు: వట్టి మాట కాదండీ. నూనెను ఎలా శుద్ధి చేశారో ఆ అంకె చెబుతుంది. ఒరిజనాల్ అంటే ఫెరూలిక్ ఆమ్లంతో ముడిపడ్డ స్టెరాళ్లు (మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ను పోలిన పదార్థాలు). నూనెలోని ఆమ్లాలను తీయడానికి వేసే కాస్టిక్ సోడా తగలగానే వాటి ఫీనాల్ కొస లవణంగా మారి, ఒరిజనాల్ సోప్‌స్టాక్‌తో (అడుగున చేరే సబ్బు మడ్డితో) కొట్టుకుపోతుంది. తవుడు నూనెలో ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలు (విడిపోయిన కొవ్వు ఆమ్లాలు) ఎక్కువ, సోడా ఎక్కువ పోయాలి, అందుకే నష్టమూ ఎక్కువ. వాక్యూమ్‌లో ఆవిరితో ఆమ్లాలను లాగేసే ఫిజికల్ రిఫైనింగ్‌లో ఒరిజనాల్ చాలావరకు నిలుస్తుంది. కాకపోతే ముందే జిగురు బాగా తీయాలి. జిగురుకు గుర్తైన ఫాస్ఫరస్ 5 పీపీఎం లోపలికి దిగకపోతే 240 డిగ్రీల దగ్గర రంగు బిగుసుకుపోతుంది, తర్వాత బ్లీచింగ్ మట్టి ఎంత వేసినా వదలదు.

లెక్కల మాస్టారు: శుద్ధి సంగతి సరే, అడిగింది గుండె గురించి కదా! ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 8–10 శాతం తగ్గాలంటే రోజుకు సుమారు 2 గ్రాముల స్టెరాళ్లు కావాలి. 20 గ్రాముల నూనెలో 1 శాతమైతే 200 మి.గ్రా. ఒరిజనాల్, 1.5 శాతమైతే 300. ఆ 100 మి.గ్రా. కోసమా ఇంత? పైగా 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకు 50 మి.గ్రా. ఒరిజనాల్ తీసుకున్నవాళ్లకూ, 800 తీసుకున్నవాళ్లకూ కొలెస్ట్రాల్ దాదాపు ఒకేలా తగ్గింది.

రిఫైనరీ షిఫ్టు: అంటే ఫెరూలిక్ ఆమ్లం అంటని మామూలు స్టెరాళ్లు పనిచేసి ఉండొచ్చు. వాటిలో కొంత డీఓడరైజర్‌లోనే (వాసన తీసే యంత్రంలోనే) ఆవిరితో పోతుంది. మిగిలిందెంతో సీసా మీద రాస్తే కదా తెలిసేది!

క్యూవెట్: అసలు ఆ అంకెనే కొంచెం అనుమానించాలి. 0.02 గ్రాముల నూనెను 10 మి.లీ. హెప్టేన్ అనే ద్రావకంలో కరిగించి, 315 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీలుస్తుందో (శోషణ) చూస్తారు. శోషణ 0.86 వస్తే, 358.9తో (1 శాతం ఒరిజనాల్ ద్రావణపు శోషణతో) భాగించి లెక్కకడితే 1.2 శాతం. తూకంలో 1 మి.గ్రా. తప్పితే ఫలితంలో 5 శాతం తప్పు. 0.2 గ్రాములు తూచి 100 మి.లీ.కి చేస్తే గాఢత అదే, తూకం గొడవ తగ్గుతుంది. ముక్కిన నూనెలోని ఆక్సీకరణ పదార్థాలూ అక్కడే కాంతిని పీల్చి అంకెను పెంచుతాయి. అందుకే 290 నుంచి 340 దాకా స్కాన్ తీయాలి. 315 దగ్గర శిఖరం స్పష్టంగా లేకపోతే హెచ్‌పీఎల్‌సీకి (పదార్థాలను విడదీసి కొలిచే పరీక్షకు) పంపాల్సిందే.

లెక్కల మాస్టారు: గానుగెద్దు గారూ, మన ప్రమాణాల్లో కనీసం 1 శాతం ఎలాగూ ఉండాలి. అది దాటాక తయారీ తేదీ చూసి, ధర తక్కువున్నది తీసుకోండి.