దత్తత తెచ్చుకున్న పాప దిండు గలీబులో తిండి దాచుకుంటోంది
కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా దత్తత తీసుకున్న మా పాపకి ఐదేళ్లు, ఇంటికొచ్చి నాలుగు నెలలైంది, కలెక్టర్ గారి ఆర్డర్ కూడా వచ్చేసింది. కడుపునిండా తింటుంది, కానీ రోజూ పడుకునే ముందు చపాతీ ముక్కో, రెండు బిస్కెట్లో దిండు గలీబులో దాచుకుంటుంది. మొన్న చూస్తే ఎండిపోయిన ఇడ్లీ, దాని చుట్టూ చీమలు. తీసేస్తే రాత్రి రెండింటికి లేచి, చేత్తో తడుముకుని ఏడుస్తుంది, ఆ ఏడుపు వినలేకపోతున్నాం. ఒక్కసారి కూడా తిట్టలేదు. తనకి అందే ఎత్తులో స్నాక్స్ డబ్బా పెట్టాం, పగలు తీసుకుంటుంది గానీ రాత్రి ముట్టదు. డాక్టర్ గారు ఆరోగ్యం బాగానే ఉందన్నారు. దత్తత ఏజెన్సీ సోషల్ వర్కర్ మెల్లగా సర్దుకుంటుందన్నారు, ఆరు నెలల ఫాలోఅప్‌కి ఇంకా రెండు నెలలుంది. కాస్త పెద్ద పిల్లల్ని దత్తత తెచ్చుకున్నవాళ్లు చెప్పండి, రాత్రి మంచం పక్కనే మూత గిన్నెలో ఏదైనా ఉంచితే ఆ భయం తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా?