కశాభం పొడవు: రెండు వేర్వేరు నమూనాలకు ఒకే విభాజనం వస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
నమస్కారం. బెంగళూరులో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. క్లామిడోమోనాస్ అనే శైవలం తన రెండు కశాభాలను (ఈదడానికి వాడే కొరడా లాంటి పోగులను) 12 మైక్రోమీటర్లకు అటూ ఇటూగా ఎలా నిలుపుకుంటుందన్నది నా ప్రాజెక్టు. పొడవును 8 నానోమీటర్ల ఇటుకలుగా లెక్కిస్తూ రెండు యాదృచ్ఛిక నమూనాలు రాశాను. మొదటిదానిలో ఇటుకలు చేరే రేటు పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది, ఊడే రేటు మారదు. రెండవదానిలో చేరే రేటు మారదు, ఊడే రేటు పొడవుతోపాటు పెరుగుతుంది. సగటు 1500 ఇటుకలుగా పెడితే రెండింటిలోనూ క్రమవిచలనం 39 దగ్గరే వస్తోంది. ప్రోగ్రాములో తప్పుందేమోనని వారం రోజులుగా వెతుకుతున్నాను. పైగా, ఆ విలోమానుపాతం ఎక్కడినుంచి వచ్చిందో నాకు మనసుకు పట్టలేదు.

మొదటి సమాధానం:
మీ ప్రోగ్రాములో తప్పు లేదు. ఇటుకల సంఖ్య n అనుకుని, నిశ్చల స్థితిలో n నుంచి n+1కు వెళ్లే ప్రవాహం, తిరిగి వచ్చే ప్రవాహం సమానమని రాసి చూడండి; రెండవ నమూనాలో n, మొదటిదానిలో n−1 పాయిజాన్ విభాజనాన్ని పాటిస్తాయి; అందులో విస్తృతి (క్రమవిచలనపు వర్గం) సగటుకు సమానం. కాబట్టి విస్తృతి సుమారు 1500, దాని వర్గమూలం 39, అంటే 0.31 మైక్రోమీటరు.

విలోమానుపాతానికి మీ బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు నుంచి ఒక మార్గంలో తిరిగే బస్సులను తలచుకోండి. బస్సులు పదే ఉండి, మార్గం రెట్టింపయితే, చివరి స్టాపుకు గంటకు చేరే బస్సులు సగమవుతాయి. కశాభంలో కైనెసిన్-2 అనే మోటారు ప్రోటీను సరుకును గుంపులుగా కొసకు మోస్తుంది, డైనీన్ అనే మరో మోటారు వెనక్కి తెస్తుంది. తిరిగే మోటార్ల సంఖ్య మారకపోతే కొసకు అందే ట్యూబ్యులిన్ (ఇటుకలుగా చేరే ప్రోటీను) పొడవుతో తగ్గక తప్పదు. 2001లో మార్షల్, రోజెన్‌బామ్ ప్రతిపాదించిన సమతుల్య బిందువు నమూనాకు మూలం ఇదే. అయితే పొట్టి కశాభాలలో రవాణా గుంపులు పెద్దవిగా ఉంటాయని 2009లో తేలింది కనుక, ఆ ఊహను అక్షరాలా పట్టుకోకండి.

రెండవ సమాధానం:
విభాజనం ఈ రెండింటినీ వేరు చేయలేదు. సగటు దగ్గరి చిన్న విచలనాలు సర్దుకునే వేగం కూడా రెండింటిలో ఒకటే. సగటుకు చాలా దూరంగా వెళ్తేనే తేడా బయటపడుతుంది. కశాభాన్ని తెంపి, తిరిగి పెరగడాన్ని గమనించండి: మొదటి నమూనాలో ఆరంభపు పొడవు కాలపు వర్గమూలంతో పెరుగుతుంది, రెండవదానిలో కాలంతో నేరుగా పెరుగుతుంది. ఇంకో దారి రవాణాను ఆపడం. ఎఫ్‌ఎల్‌ఏ10 అనే ఉష్ణ సున్నిత ఉత్పరివర్తకాలలో వేడి పెంచితే కైనెసిన్-2 పనిచేయదు. అప్పుడు కశాభం పొడవుతో సంబంధం లేకుండా ఒకే వేగంతో కుంచించుకుపోతే మొదటి నమూనాకే బలం. పొడవును బట్టి ఊడే నమూనా ఈస్ట్‌లోని కిప్3 అనే మోటారుకు బాగా సరిపోతుంది: పొడవైన ట్యూబ్యులిన్ గొట్టంపై, అంటే మైక్రోట్యూబ్యూల్‌పై ఎక్కువ మోటార్లు ఎక్కి కొసకు చేరి దానిని విప్పుతాయని 2006లో చూపారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్కో రవాణా గుంపు పది ఇటుకలను ఒకేసారి చేర్చి, అవి ఒక్కొక్కటిగా ఊడితే ఏమవుతుంది?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
గుంపుకు m ఇటుకలయితే విస్తృతి (m+1)/2 రెట్లు పెరుగుతుంది. పదికి అది అయిదున్నర రెట్లు, కాబట్టి క్రమవిచలనం 91 ఇటుకలకు, అంటే 0.73 మైక్రోమీటరుకు చేరుతుంది. ఆ తరువాత రెండు కశాభాలను ఒకే ట్యూబ్యులిన్ నిల్వకు కలిపి నడపండి. ఒకదాన్ని తెంపితే రెండవది కుంచించుకుపోయి, రెండూ సమానమయ్యాక కలిసి పెరుగుతాయని 1969లోనే గమనించారు; మీ నమూనా దానిని కూడా చూపాలి.